నడక ఫుట్‌బాల్

పరుగు నిషిద్ధమైన ఫుట్‌బాల్‌ను నడక ఫుట్‌బాల్ అంటారు. వాడుకలో వాకింగ్ ఫుట్‌బాల్ అన్న పేరే ఎక్కువ. బంతి అదే, గోలు అదే, కాలితో తన్నడమూ అదే. ఆటగాడు మాత్రం బంతి దగ్గరున్నా, మైదానానికి ఆ చివర ఉన్నా నడవాలి. పరుగెత్తితే తప్పు, మెల్లగా జాగింగ్ చేసినా తప్పే. ఇంగ్లండులోని చెస్టర్‌ఫీల్డ్ పట్టణంలో 2011లో యాభై దాటినవాళ్ల కోసం ఈ ఆటకు రూపమిచ్చారు. ఇవాళ యూరప్‌లోని చాలా దేశాల్లోనూ, ఆస్ట్రేలియాలోనూ స్త్రీలూ పురుషులూ ఆడుతున్నారు. డెబ్బై దాటినవారికీ విడిగా పోటీలున్నాయి.

మొదటిసారి విన్నవాళ్లు నవ్వుతారు. నడుస్తూ ఫుట్‌బాల్ ఆడటమంటే గట్టున కూర్చుని ఈత కొట్టడంలా వినిపిస్తుంది. పది నిమిషాలు ఆడి చూస్తే ఆ నవ్వు ఆగుతుంది. మూడు గజాల దూరంలో బంతి దొర్లుతుంటుంది, అవతలివాడు కూడా అటే వస్తుంటాడు, కాళ్లు పరుగెత్తమంటాయి, ఆట వద్దంటుంది. ఈ పెనుగులాటే నడక ఫుట్‌బాల్. మిగతా నిబంధనలన్నీ దీని వెనకే వచ్చాయి.

నడక అంటే ఏది

ఎప్పుడూ కనీసం ఒక పాదమైనా నేలను అంటి ఉంటే అది నడక. రెండు పాదాలూ ఒకేసారి గాలిలో ఉన్న క్షణం అది పరుగు. ఆటంతా ఈ నిర్వచనం మీద నిలబడి ఉంది. ఇది ఎవరో తోచి పెట్టిన హద్దు కాదు. మనిషి నడకలో వెనక పాదం వేళ్లు లేవకముందే ముందు పాదం మడమ నేలను తాకుతుంది, కాసేపు రెండు కాళ్లూ నేలమీదే ఉంటాయి. పరుగులో ఆ కాసేపు ఉండదు. దాని బదులు ఒంట్లో ఏ భాగమూ నేలను తాకని ఒక చిన్న ఎగురు వస్తుంది.

తీరిగ్గా నడిచే మనిషి గంటకు నాలుగైదు కిలోమీటర్లు నడుస్తాడు. వేగం పెంచుకుంటూ పోతే గంటకు ఇంచుమించు 7 కిలోమీటర్ల దగ్గర, మనం అనుకోకపోయినా, శరీరం నడక వదిలి పరుగు అందుకుంటుంది. ఆ వేగంలో నడవడం కంటే పరుగెత్తడమే ఒంటికి సుఖం. నడక ఫుట్‌బాల్ ఆటగాడు ఆడే చోటు సరిగ్గా ఈ గుమ్మం మీదే. గుమ్మం దాటాలని శరీరం కోరుతుంది, దాటిన మరుక్షణం ఈల మోగుతుంది.

అథ్లెటిక్స్‌లో నడక పందెం చూసినవారికి ఈ నిర్వచనం కొత్త కాదు. అక్కడా పాదం నేలను వదలకూడదు, వదిలినట్టు న్యాయనిర్ణేత మామూలు కంటికి కనిపించకూడదు. దానితో పాటు నడక పందెంలో ఇంకో షరతుంది. ముందుకు వేసిన కాలు నేలను తాకినప్పటి నుంచి ఒంటికింద నిటారుగా వచ్చేదాకా మోకాలు వంగకూడదు. అగ్రశ్రేణి నడకగాళ్లు 20 కిలోమీటర్లను గంటా ఇరవై నిమిషాల లోపే ముగించేది ఆ విచిత్రమైన నడుము తిప్పుడుతోనే. నడక ఫుట్‌బాల్‌లో మోకాలి షరతు లేదు. మోకాళ్ల నొప్పులవాళ్ల ఆటలో మోకాలు బిగించమనడం న్యాయమూ కాదు.

ఈ తేడా తెలియడానికి మా ప్రాంతంవాళ్లు పుస్తకం తెరవనక్కర్లేదు. ఏలూరు జిల్లా జంగారెడ్డిగూడెం పక్కనే గుర్వాయిగూడెంలో మద్ది ఆంజనేయస్వామి గుడి ఉంది. మొక్కున్నవాళ్లు అక్కడ 108 ప్రదక్షిణలు చేస్తారు. నిండుచూలాలు తలమీద నూనెకుండతో నడిచినంత నెమ్మదిగా ప్రదక్షిణ చేయాలని పెద్దలు చెబుతారు. 108 మొక్కుకుని, మధ్యాహ్నం లోపు ఇల్లు చేరాల్సినవాళ్లు మాత్రం నూనెకుండను కాస్త పక్కన పెడతారు. చేతులు వేగంగా ఊగుతాయి, అడుగులు పొడవవుతాయి, మలుపు దగ్గర భుజం లోపలికి వాలుతుంది. అంత తొందరలోనూ పరుగు మాత్రం ఎవరూ తీయరు. నడక ఫుట్‌బాల్‌కు కావలసిన వేగం సరిగ్గా అదే.

ఈ నిబంధన అమలు మనకు బాగా తెలిసిన ఇంకో ఆటను గుర్తుచేస్తుంది. చెడుగుడులో కూతకు వెళ్లినవాడు ఊపిరి తీయకూడదు. తీశాడా లేదా అన్నది చూసేవాళ్ల చెవిమీద ఆధారపడుతుంది, ఊళ్లో సగం తగాదాలు అక్కడే పుట్టేవి. ఇక్కడ కూత బదులు పాదం, చెవి బదులు కన్ను. నెమ్మది వీడియోలో చూస్తే, వేగంగా నడిచేవాళ్లలో చాలామంది పాదాలు లిప్తకాలం పాటు గాలిలో కనిపించవచ్చు. రిఫరీ చూసేది వీడియో కాదు. ఒళ్లు పైకీ కిందికీ ఎగురుతోందా, తల ఊగుతోందా, రెండు చేతులూ మోచేతుల దగ్గర మడిచి పరుగు తీరులోకి వచ్చాయా అని చూస్తాడు. పాదాన్ని పట్టుకోవడం కష్టమైనా, పరుగెత్తేవాడి భుజాలు దాన్ని దాచలేవు.

బంతికి దూరంగా ఉన్నవాళ్లను కూడా గమనించాలి కాబట్టి రిఫరీ పని ఇంకా కష్టం. పరుగు తప్పులు ఎక్కువగా జరిగేది బంతి దగ్గర కాదు. దాడికి వెళ్లి బంతి పోగొట్టుకున్నవాడు తన గోలువైపు తిరిగి వచ్చేటప్పుడు రెండడుగులు దొంగిలిస్తాడు. అందరి కళ్లూ బంతిమీద ఉన్న క్షణమే ఆ దొంగతనానికి అదను.

మైదానం, జట్లు

పూర్తి కొలత మైదానం దీనికి అక్కర్లేదు, ఉన్నా వృథా. ఐదుగురి ఫుట్‌బాల్‌కు వాడే చిన్న మైదానమో, పెద్ద మైదానంలో ఒక ముక్కో చాలు. జట్టుకు ఐదుగురు, ఆరుగురు లేక ఏడుగురు ఆడతారు. ఆరుగురి ఆటే ఎక్కువగా కనిపిస్తుంది. ఆట ఆపకుండానే ఎన్నిసార్లయినా మనిషిని మార్చుకోవచ్చు, బయటికి వెళ్లినవాడు మళ్లీ లోపలికి రావచ్చు. గోలు పొట్టిది, వెడల్పు ఒక్కోచోట ఒక్కోరకం. ఆట రెండు భాగాలుగా జరుగుతుంది. వయసును బట్టీ, రోజుకు ఎన్ని మ్యాచులన్నదాన్ని బట్టీ భాగానికి పది నిమిషాల నుంచి అరగంట దాకా ఉంటుంది. కాలి పిక్కల ముందు ఎముకకు రక్షణ కవచం పెట్టుకోవాలి.

పరుగు పోతే ఏమేం మారుతుంది

ఒక్క పరుగు తీసేశాక మామూలు ఫుట్‌బాల్ నియమాలు ఒక్కొక్కటే కదిలిపోతాయి.

ముందుగా గాలిలో బంతి. ఎత్తుగా వచ్చిన బంతిని అందుకోవాలంటే ఎగరాలి. ఎగిరితే రెండు పాదాలూ నేలను వదులుతాయి. అందుకే తలతో కొట్టడం నిషిద్ధం. చాలా నిబంధనావళుల్లో బంతి కూడా ఒక ఎత్తు దాటకూడదు. కొన్నిచోట్ల ఆ ఎత్తు తల దాకా, కొన్నిచోట్ల గోలు పైకమ్మీ దాకా. దాటితే చివరిసారి తాకినవాడి ఎదుటి జట్టుకు ఫ్రీకిక్ ఇస్తారు. తలకు తగిలే దెబ్బల మీద ఫుట్‌బాల్ లోకంలో ఇప్పుడు జరుగుతున్న చర్చ చూస్తే ఈ నియమానికి ఇంకో సమర్థన కూడా దొరుకుతుంది. పక్కగీత దాటిన బంతిని రెండు చేతులతో తలమీదుగా విసిరే పద్ధతి పోయిందీ బంతి గాలిలోకి లేవకూడదనే. దొర్లించో, కాలితో తన్నో లోపలికి పంపుతారు.

రెండోది ఒంటి తాకిడి. మామూలు ఫుట్‌బాల్‌లో భుజానికి భుజం ఆనించి తోయడం ఆటలో భాగం. ఇక్కడ అది తప్పు. వెనకనుంచి బంతి లాక్కోవడం, జారుతూ కాళ్లకు అడ్డుపడటం, గోడ ఉన్న మైదానంలో అవతలివాణ్ని గోడకేసి బంధించడం, ఏవీ కుదరవు. అరవై దాటిన మనిషి పడితే లేవడం ఒక్కటే సమస్య కాదు, తుంటి ఎముక సంగతి చూడాలి. కిందపడ్డ ఆటగాడు పడినచోటి నుంచి బంతిని తన్నకూడదన్న నియమం కూడా అందుకే, కాళ్ల మధ్య కాళ్లు చిక్కుకోకుండా.

గోలు ముందు అర్ధచంద్రాకారపు గీత గీసి, అందులోకి గోల్‌కీపర్ తప్ప ఎవరూ అడుగు పెట్టకూడదంటారు. గోల్‌కీపర్ బయటికీ రాకూడదు. తోపులాటంతా సహజంగా గోలు ముందే జరుగుతుంది కాబట్టి ఆ చోటే ఖాళీ చేయించారు. గోల్‌కీపర్ చేయి కిందనుంచి బంతిని దొర్లించి ఆట మొదలుపెడతాడు. ఆఫ్‌సైడ్ లేదు. పెనాల్టీకి ఒకటి రెండడుగులకు మించి వెనక్కి వెళ్లి రాకూడదు, దూరంనుంచి పరుగెత్తుకొచ్చి తన్నే ప్రశ్నే రాదు.

పరుగెత్తితే శిక్ష ఏమిటి? సాధారణంగా ఎదుటి జట్టుకు ఫ్రీకిక్, అదీ నేరుగా గోలు కొట్టడానికి వీల్లేనిది. ఒకే మనిషి పదేపదే పరుగెత్తితే కొన్ని పోటీల్లో నీలం కార్డు చూపించి కాసేపు బయట కూర్చోబెడతారు. స్నేహంగా ఆడుకునేచోట శిక్ష ఇంకా తేలిక, అందరూ కలిసి అతని పేరు పెట్టి అరుస్తారు. కొన్ని పోటీల్లో మూడు తాకిళ్ల నియమం ఉంది, బంతి అందుకున్నవాడు మూడు తాకిళ్లలోపే దాన్ని ఇంకొకరికి పంపాలి. ఈ నియమం ఉండాలా వద్దా అన్నదాని మీద ఆటగాళ్లలో రెండు పక్షాలున్నాయి. ఉంటేనే ఆట అందంగా ఉంటుందన్నది ఈ వ్యాసకర్త పక్షం.

ఆట ఎలా సాగుతుంది

దగ్గరగా చూద్దాం. ఎర్రచొక్కా ఆటగాడి కాలి కింద బంతి ఉంది. ఎదుట రెండు గజాల్లో నీలంచొక్కా మనిషి. మామూలు ఆటలో అయితే ఎర్రచొక్కావాడు బంతిని ఒక పక్కకు నెట్టి, పరుగుతో అతణ్ని దాటేస్తాడు. ఇక్కడ నెట్టగలడు గానీ దాటలేడు. నెట్టిన బంతి వైపు ఇద్దరూ ఒకే వేగంతో నడుస్తారు, ఎవరికి దగ్గరైతే వారిది. కాబట్టి ఒంటరి సాహసానికి లాభం లేదు. ఎర్రచొక్కావాడు తలెత్తి చూస్తాడు. కుడిపక్క తనవాడొకడు నిలబడి ఉన్నాడు, కానీ నిలబడ్డవాడికి బంతి ఇస్తే అవతలివాళ్లకు నడిచివచ్చే సమయం దొరుకుతుంది. ఎడమపక్క ఇంకొకడు అప్పుడే నడక మొదలుపెట్టాడు. ఇక్కణ్నుంచి నాలుగడుగుల అవతల అతను ఎక్కడుంటాడో లెక్కగట్టి, అక్కడికి బంతిని నేలబారుగా పంపాలి. గట్టిగా తంతే గీత దాటుతుంది, మెల్లగా తంతే మధ్యలో చిక్కుతుంది. ఆ బరువు కుదిరినప్పుడు అవతలివాళ్లలో ఇద్దరు ఒకేసారి వెనక్కి తిరిగి చూస్తారు. తిరగడానికే వాళ్లకు రెండు సెకన్లు పడుతుంది. గోలు ఆ రెండు సెకన్లలో పడుతుంది.

అంటే ఈ ఆటలో మనిషి వేగం అందరికీ సమానం చేసి, బంతి వేగాన్ని మాత్రం వదిలేశారు. చోటు తప్పినవాడు పరుగుతో ఆ తప్పు దిద్దుకోలేడు. అందుకే అనుభవజ్ఞులు బంతి పాస్ చేశాక చేతులు నడుముమీద పెట్టుకుని నిలబడరు, పాస్ చేసిన మరుక్షణమే కొత్త చోటికి నడక మొదలుపెడతారు. ఒకప్పుడు బాగా ఆడినవాళ్లకు ఇది కష్టంగా ఉంటుంది. కళ్లు ఖాళీని చూస్తాయి, ఇరవై ఏళ్లనాటి కాళ్లు దూసుకుపోతాయి. కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఆ తిప్పలు లేవు.

ఒక వెసులుబాటును కావాలని తీసేసి ఆటకు పదును పెట్టే ఈ ఉపాయం తెలుగునేలకు కొత్తది కాదు. హైదరాబాద్‌లో స్కూలు మాస్టరుగా జీవితం మొదలుపెట్టి, 1950 నుంచి 1963లో కన్నుమూసేదాకా భారత జట్టుకు శిక్షకుడిగా ఉన్న సయ్యద్ అబ్దుల్ రహీం కుర్రాళ్లకు వింత పోటీలు పెట్టేవారు. ఒకదానిలో బంతితో డ్రిబ్లింగ్ చేయకూడదు, వచ్చిన బంతిని వచ్చినట్టే తోటివాడికి అందించాలి. ఇంకోదానిలో బలహీనమైన కాలితోనే తన్నాలి, కుడికాలివాటం కుర్రాడికి ఎడమకాలే దిక్కు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన శిక్షణలోని భారత జట్టు 1951లోనూ 1962లోనూ ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. సికింద్రాబాద్ అమ్ముగూడలో పెరిగిన ఫుట్‌బాల్ ఆటగాడు తులసీదాస్ బలరాం ఆ కాలపు వాడే. రహీం తీసేసింది డ్రిబ్లింగ్, చెస్టర్‌ఫీల్డ్‌వాళ్లు తీసేసింది పరుగు. ఆయన ఉద్దేశం కుర్రాళ్లను పదునెక్కించడం, వీళ్ల ఉద్దేశం పెద్దవాళ్లను ఇంట్లోంచి బయటికి రప్పించడం. మైదానంలో ఫలితం మాత్రం ఒకటే, బంతి మనిషి కంటే ముందు వెళ్తుంది.

పుట్టుక, వ్యాప్తి

నడుస్తూ ఫుట్‌బాల్ ఆడటం అంతకుముందు లేదని కాదు. 1932లోనే ఇంగ్లండులో డెర్బీ, క్రూ పట్టణాల వృద్ధ రైల్వే ఉద్యోగులు సరదాగా ఇలాంటి ఆట ఆడారు. అది అక్కడితో ఆగిపోయింది. 2011లో చెస్టర్‌ఫీల్డ్ ఫుట్‌బాల్ క్లబ్‌కు అనుబంధంగా పనిచేసే సేవాసంస్థలో ఉన్న జాన్ క్రూట్, యాభై దాటినవాళ్లు ఆటనుంచి ఒక్కసారిగా తెగిపోతున్నారని గమనించి దీన్ని ఒక క్రమంలో మొదలుపెట్టాడు. అక్కడ ఫుట్‌బాల్ ఆడే మనిషి నలభై లోపే మానేస్తాడు. ఆ తర్వాత మిగిలేది టీవీ ముందు కుర్చీ, శనివారం స్టేడియంలో సీటు. ఆడినవాడు చూసేవాడిగా మారడం సులువే, ఒంటికి మాత్రం అది సరిపడదు.

2014లో బార్‌క్లేస్ బ్యాంకు తన టీవీ ప్రకటనలో చెస్టర్‌ఫీల్డ్ నడక ఆటగాళ్లను చూపించింది. అంతవరకూ పట్టణం దాటని ఆట ఆ ప్రకటనతో దేశమంతా తెలిసింది, క్లబ్బులు పుట్టగొడుగుల్లా లేచాయి. ఆట పెరిగాక పెరిగే చిక్కులూ వచ్చాయి. ఒక్కో ఊళ్లో ఒక్కో నియమం. ఒకచోట తలెత్తు దాకా బంతి లేపొచ్చు, ఇంకోచోట గోలు పైకమ్మీ దాకా. ఇంగ్లండు ఫుట్‌బాల్ సంఘం ఒక నియమావళి తయారుచేస్తే, నడక ఫుట్‌బాల్ కోసమే పుట్టిన సంఘం తనది తాను రాసుకుంది. ఈ చిక్కుల మధ్యే 2018 మేలో బ్రైటన్ స్టేడియంలో ఇంగ్లండు, ఇటలీ జట్లు తలపడ్డాయి. 2023 ఆగస్టులో ఇంగ్లండు జాతీయ జట్ల శిక్షణ కేంద్రమైన సెయింట్ జార్జెస్ పార్క్‌లో పలుదేశాల నడక జట్లతో ప్రపంచ స్థాయి పోటీ జరిగింది. నెదర్లాండ్స్‌లో ఈ ఆటను ఓల్డ్‌స్టార్స్ పేరుతో పిలుస్తారు. పార్కిన్సన్స్ జబ్బు ఉన్నవారి జట్లు, గుండె ఆపరేషన్ అయి కోలుకుంటున్నవారి బృందాలు కూడా ఏర్పడ్డాయి.

పోటీలు పెరిగేకొద్దీ ఆట వేగం పెరుగుతోంది. గెలుపు కోసం నడక పరుగు అంచులకు జరుగుతోంది. సరదాకు వచ్చిన డెబ్బై ఏళ్లవాడికీ, పతకం కోసం వచ్చిన యాభై ఒకటేళ్లవాడికీ మధ్య సంఘాలు ఇంకా సర్దుబాటు వెతుకుతూనే ఉన్నాయి.

ఒంటికి ఏం చేస్తుంది

నడకలో ఒక్కో అడుగుకు కాలిమీద పడే బలం ఒంటి బరువుకు 1 నుంచి 1.5 రెట్లు. పరుగులో అది 2 నుంచి 3 రెట్లు. 70 కిలోల మనిషికి ఆ తేడా ప్రతి అడుగుకూ ఒక బియ్యం బస్తా బరువుకు తక్కువ కాదు. మోకాలి చిప్ప వెనక మృదులాస్థి అరిగినవాళ్లకు పరుగు వద్దని డాక్టర్లు చెప్పేది, నడక మంచిదనేది ఈ లెక్క మీదే.

18 దాటిన పెద్దలందరూ, 65 దాటినవారితో సహా, వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఒక మోస్తరు శ్రమ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. 65 దాటినవారు వారానికి మూడు రోజులైనా బలమూ ఒంటి నిలకడా పెంచే కసరత్తులు చేయాలని కూడా చేర్చింది. ఈ రెండోది చాలామంది చెవిన పడలేదు. పొద్దున్నే ఒకే దారిలో, ఒకే తీరులో నడిచే నడకలో మొదటిది తీరుతుంది, రెండోది తీరదు. నడక ఫుట్‌బాల్‌లో మనిషి ఆగుతాడు, తిరుగుతాడు, పక్కకు జరుగుతాడు, ఒంటికాలి మీద నిలబడి రెండోకాలితో తన్నుతాడు. ముసలితనంలో పడిపోకుండా కాపాడేది ఈ పక్కకు జరిగే, ఒంటికాలిమీద నిలిచే నైపుణ్యమే.

జాగ్రత్తలూ ఉన్నాయి. పిక్క కండరం పట్టేయడం, తొడ వెనక కండరం లాగేయడం ఇక్కడ కూడా జరుగుతాయి. నడకే కదా అని ఒళ్లు వేడెక్కించకుండా దిగేవాళ్లకే ఎక్కువ. బీపీ, షుగరు, గుండె జబ్బు ఉన్నవాళ్లు డాక్టరును అడిగి దిగాలి. షుగరు మాత్రలో ఇన్సులినో వాడేవాళ్లు జేబులో పంచదార పొట్లమో నాలుగు చాక్లెట్లో ఉంచుకోవాలి. ఛాతీలో పట్టేసినట్టుంటే ఆట ఆపి కూర్చోవాలి, స్కోరు ఎంతన్నది తర్వాతి సంగతి.

జంగారెడ్డిగూడెంలో ఆడాలంటే

గోదావరి జిల్లా అనగానే బయటివాళ్లకు కాలవ గట్లూ, వరిచేలూ, కొబ్బరి తోపులూ కళ్లముందు మెదులుతాయి. జంగారెడ్డిగూడెం ఆ గోదావరి కాదు, మెట్ట. 2022 ఏప్రిల్ 4 దాకా పశ్చిమ గోదావరిలో ఉండి, ఆ రోజున ఏలూరు జిల్లాలోకి మారిన ఈ ఊరు పొగాకు, ఆయిల్‌పామ్, మొక్కజొన్న, జీడిమామిడి వ్యాపారాలకు కూడలి. కాస్త ముందుకెళ్తే బుట్టాయగూడెం, పాపికొండల అడవి మొదలు. నేల ఎర్రనేల. ఎండాకాలం అది గట్టిపడి పైన గులకరాళ్లు తేలతాయి, వానాకాలం చెప్పుల్ని పట్టుకుని వదలదు.

నడకకు ఈ ఊరు కొత్త కాదు. పొగాకు వేలం కేంద్రంలో కొనేవాళ్లు బేళ్ల వరసల వెంట నడుస్తూ ధర కట్టే పద్ధతి చూసినవాళ్లకు, తొందరలోనూ నడక నడకగానే ఉండటం తెలుసు. పొద్దున్నే పంచె పైకి కట్టుకుని, మెడలో తువ్వాలుతో రోడ్డు పక్కన నడిచే పెద్దలకూ లోటు లేదు. ఆట మొదలుపెట్టడానికి అలాంటి పన్నెండు మంది, ఒక బంతి, ఒక ఈల చాలు.

ఎండను బట్టి పొద్దున ఐదున్నరకు మొదలై ఏడులోపు ముగిసిపోవాలి. మే నెలలో 40 డిగ్రీలు దాటే ఊళ్లో ఎనిమిది గంటల ఎండ కూడా పెద్దవాళ్లకు మంచిది కాదు. స్కూలు మైదానంలో నలభై అడుగులు పొడవు, పాతిక అడుగులు వెడల్పు వేసుకుంటే సరిపోతుంది. అడుగంటే ఇక్కడ అంగ, కొలతబద్ద అడుగు కాదు. గోలుకు రెండు ఇటుకలు పెట్టి మధ్య మూడు అంగలు వదలాలి. ముగ్గుపిండితో గోలు ముందు అర్ధచంద్రం గీయాలి. నేల ఎగుడుదిగుడుగా ఉంటే మొదటి రోజు ఆడకుండా అందరూ కలిసి రాళ్లు ఏరడమే మంచిది, అదీ వంగి లేచే కసరత్తే.

బూట్లు కావాలి. 1948 లండన్ ఒలింపిక్స్‌లో మన జట్టులో ఎక్కువమంది ఉత్తకాళ్లతో ఆడిన మాట నిజమే. 1952లో హెల్సింకి చలిలో యుగోస్లావియా చేతిలో 10–1తో ఓడాక బూట్లు తప్పనిసరి అయ్యాయి. ఆ కథ చెప్పి ఉత్తకాళ్లతో దిగే పెద్దమనిషి ఏ ఊళ్లోనైనా ఒకడుంటాడు. షుగరు ఉన్నవాళ్లకు పాదంలో స్పర్శ తగ్గుతుంది, ములుకు దిగినా తెలియదు. వాళ్లు ఉత్తకాళ్లతో మైదానంలోకి రానేకూడదు. మేకుల బూట్లు వద్దు, అడుగు చదునుగా ఉన్న కాన్వాసు బూట్లు సరిపోతాయి. హవాయి చెప్పులు బంతితో పాటే గోలులోకి వెళ్తాయి.

పంచెల విషయంలో ఒక చిక్కుంది. పంచెతో నడక బాగానే సాగుతుంది, కానీ పాదాలు కనిపించవు. పాదం లేచిందో లేదో తేల్చాల్సిన రిఫరీకి పంచె అంచు తప్ప ఏమీ కనపడదు. ఎగగట్టుకుంటే రెండో నిమిషంలో జారుతుంది, దాన్ని సర్దుకునే చేతులకు బంతి సంగతి పట్టదు. నిక్కరో ట్రాకు ప్యాంటో వేసుకు రమ్మని ముందే చెప్పడం మేలు.

రిఫరీగా ఎవరుండాలన్నది అసలు కష్టం. మా వైపు ఒక పెద్దాయన్ని, అందులోనూ చదువు చెప్పిన మాస్టారిని, "మీరు తప్పు చేశారు" అని ముఖాన అనడం మాటలు కాదు. ఈల ఊదినవాడు ముందు బుర్ర గోక్కుంటాడు. ఆ తర్వాత, "మాస్టారూ, తమరు కొంచెం పరిగెట్టేరండి" అంటాడు. "నేనా? నడిచేనండీ, ఆయ్, నడకే అది" అంటాడు మాస్టారు, ఇంకా వగరుస్తూనే. పక్కనున్న బావగారు కల్పించుకుని, "పోనీలెండి, నడకే అనుకుందాం, బంతి మాత్రం వాళ్లకిచ్చేయండి" అంటాడు. నియమావళిలో ఎక్కడా లేని ఈ తీర్పు చాలా తగాదాల్ని చల్లారుస్తుంది. చిన్నవాడిని, అందరికీ మనవడి వరసయ్యే కుర్రాణ్ని రిఫరీగా పెట్టుకోవడం ఇంకో ఉపాయం. వాడు ఈల ఊదితే ఎవరికీ పౌరుషం రాదు.

మొదటి వారం స్కోరు లెక్కపెట్టకుండా ఆడితే మంచిది. ఐదు నిమిషాలు ఒళ్లు వేడెక్కించుకుని, పది నిమిషాల చొప్పున రెండు భాగాలు, మధ్యలో నీళ్లు. రెండోవారం నుంచి మూడు తాకిళ్ల నియమం పెట్టవచ్చు. అప్పటికి ఎవరి కాలు బాగా పాస్ ఇస్తుందో, ఎవరు గోలు ముందు నిలబడి కబుర్లు చెబుతున్నారో తేలిపోతుంది.

ఒక సందేహం మాత్రం తప్పకుండా వస్తుంది. గట్టిగా తన్నిన బంతి గీత దాటి, మైదానం దాటి, రోడ్డవతలి చింతచెట్టు కిందికి దొర్లిపోతుంది. పరుగు నిషేధం గీత లోపలే, గీత బయట ఎవరైనా పరుగెత్తి బంతి తెచ్చుకోవచ్చు, ఏ రిఫరీ ఈల ఊదడు. పన్నెండు మందీ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. చివరికి బంతి తన్నినవాడే నడుముమీద చేయి వేసుకుని, నడుచుకుంటూ వెళ్లి తెస్తాడు.